ఓడిన ఊరు, ఒరగని జెండా

జార్జియాలోని మరాబ్దా దగ్గర 1625లో ఇరాన్ సేన గెలిచింది. కానీ నాలుగు శతాబ్దాలుగా జార్జియన్లు తలచుకునేది ఓడిపోయిన తొమ్మిదిమంది అన్నదమ్ములనే. ఆ కథలో ఒక కొస గోవాలో తేలింది. దాని చిక్కుముడి హైదరాబాద్‌లో విడింది.

జార్జియా రాజధాని త్బిలిసి నుంచి దక్షిణంగా ఆర్మేనియా వైపు వెళ్లే రైలు మార్గంలో మరాబ్దా ఒక చిన్న జంక్షన్. ఇక్కడి నుంచి ఒక శాఖ చీలి, పడమటి కొండలెక్కి, త్సాల్కా, అఖల్కలాకి మీదుగా టర్కీ సరిహద్దు చేరుతుంది. ఊరు అల్గేతి నది లోయలో ఉంది. జార్జియా చూడవచ్చే పర్యాటకుల జాబితాలో దీనికి చోటు దొరకడం అరుదు. వాళ్లకు త్బిలిసిలోని గంధకపు స్నానశాలలు, కాఖేతిలోని ద్రాక్షతోటలు, కాకసస్ మంచుకొండలు చాలు.

జార్జియన్ల సంగతి వేరు. బడిలో చరిత్ర పాఠం చదువుకున్న ప్రతి ఒక్కరికీ మరాబ్దా పేరు తెలుసు. 1625 జూలై 1న ఈ లోయలో ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ సైన్యంతో జార్జియన్లు తలపడ్డారు. ఆ రోజు రాజ పతాకాన్ని పట్టుకున్నది ఖేర్ఖేవులిద్జే అనే సామంత కుటుంబానికి చెందిన తొమ్మిదిమంది అన్నదమ్ములని కథ. పెద్దవాడు పడిపోతే జెండా రెండోవాడి చేతికి వచ్చింది. వాడు పడితే మూడోవాడు అందుకున్నాడు. తొమ్మిదోవాడు కూడా నేలకొరిగాక చెల్లెలు పట్టుకుంది, చివరికి తల్లి పట్టుకుంది. జార్జియన్ ఆర్థడాక్స్ చర్చి ఆ తొమ్మిదిమందినీ, తల్లినీ, చెల్లెలినీ, వాళ్లతో పాటు అక్కడ చనిపోయిన తొమ్మిది వేలమందినీ అమరవీరుల పట్టికలో చేర్చింది. ఏటా ఆగస్టు 16న వాళ్ల పేర ప్రార్థనలు జరుగుతాయి.

తొమ్మిదిమందికి తొమ్మిది వేలు జతపడటంలో చరిత్ర కంటే జానపదుల నోటి పద్ధతే ఎక్కువ కనిపిస్తుంది. అలాగని ఇదంతా కట్టుకథ కాదు. యుద్ధం జరిగింది, వేలమంది చనిపోయారు, జార్జియన్లు ఓడిపోయారు. ఓడిపోయిన యుద్ధాన్ని ఒక జాతి ఇంత పదిలంగా ఎందుకు దాచుకుంది అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, ఆ జూలైకి ముందు జరిగిన పదేళ్ల సంగతులు తెలియాలి.

అడకత్తెరలో పోకచెక్క

పదహారో శతాబ్దం నాటికి జార్జియా ఒక దేశం కాదు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో డేవిడ్, తమార్ వంటి పాలకుల కింద వెలిగిన రాజ్యం ముక్కలైపోయి, తూర్పున కార్త్లి, కాఖేతి, పడమట ఇమేరేతి అనే మూడు రాజ్యాలుగానూ, కొన్ని సంస్థానాలుగానూ మిగిలింది. వాటికి ఒక పక్క ఒట్టోమాన్ తుర్కులు, మరో పక్క సఫవీ ఇరాన్. 1555లో ఆ రెండు సామ్రాజ్యాలూ అమాస్యాలో సంధి చేసుకుని జార్జియాను పంచుకున్నాయి. తూర్పు రాజ్యాలు ఇరాన్ వాటాకు, పడమటివి ఒట్టోమాన్ల వాటాకు పోయాయి. పంపకంలో జార్జియన్లను అడిగినవారెవరూ లేరు.

1588లో ఇరాన్ సింహాసనమెక్కిన షా అబ్బాస్ ఈ పంపకంతో తృప్తిపడే మనిషి కాదు. ఆయన పెట్టిన లెక్క తెలివైనదీ, క్రూరమైనదీ. తనను గద్దెనెక్కించిన కిజిల్‌బాష్ తెగల సర్దార్లు ఎప్పుడు ఎదురు తిరుగుతారో తెలియదు. వాళ్లకు పోటీగా, తనకు తప్ప మరెవరికీ విధేయులు కాని సైన్యం కావాలి. అందుకు జార్జియన్, ఆర్మేనియన్, సర్కేషియన్ యువకులను తెచ్చి, మతం మార్చి, ‘గులాములు’గా తీర్చిదిద్దాడు. పేరుకు బానిసలే కానీ వాళ్లలో చాలామంది గవర్నర్లయ్యారు, సేనాపతులయ్యారు. ఇస్ఫహాన్‌లో ముప్పైమూడు కమానుల వంతెన కట్టించిన అల్లావర్ది ఖాన్ జార్జియనే. ఆయన కొడుకు, షిరాజ్ గవర్నర్ ఇమామ్ కులీ ఖాన్ 1622లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడల సాయంతో పోర్చుగీసు వాళ్ల నుంచి హోర్ముజ్ దీవిని లాక్కున్నాడు. అదే ఏడాది షా అబ్బాస్ జహంగీర్ నుంచి కాందహార్‌ను పట్టుకున్నాడు. ఆ రోజుల్లో గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యంలో శుక్రవారం ఖుత్బాలో చదివేది ఇరాన్ షా పేరే. 1636లో షాజహాన్ మెడలు వంచి మాన్పించేదాకా అది సాగింది. మరాబ్దాలో జార్జియన్లు ఎదిరించిన మనిషి పేరు తెలుగు నేల మీద కూడా మారుమోగుతుండేదన్న మాట.

ఆయన కన్ను ముఖ్యంగా కాఖేతి మీద పడింది. పట్టు, ద్రాక్ష పండే సారవంతమైన నేల అది. అక్కడి రాజు తెయిమురాజ్ చిన్నతనంలో షా ఆస్థానంలోనే పెరిగినవాడు, పారశీక కవిత్వమంటే చెవి కోసుకునేవాడు. అయినా కప్పం కట్టే సామంతుడిగా మిగలడం ఇష్టం లేక ఇటు ఒట్టోమాన్ల వైపూ, అటు మాస్కో వైపూ చూడటం మొదలుపెట్టాడు. అది షా కంట పడకపోలేదు. 1614లో ఆయన పెద్ద సైన్యంతో వచ్చి పడ్డాడు. యుద్ధం తప్పించడానికి తెయిమురాజ్ తల్లి, రాణి కేతేవాన్, తన మనవలిద్దరితో సహా బందీగా వెళ్లింది. అయినా దాడి ఆగలేదు.

1616, 1617 సంవత్సరాల్లో కాఖేతిలో జరిగినదాన్ని యుద్ధమనడం కష్టం. అరవై, డెబ్భై వేలమంది చనిపోయారని, లక్షకు పైగా జనాన్ని ఇరాన్‌కు తరలించారని చెబుతారు. తరలింపు గురించి రాసినవాళ్లలో షా ఆస్థాన చరిత్రకారుడు ఇస్కందర్ బేగ్ మున్షీ కూడా ఉన్నాడు. ఆయన రాసింది ప్రభువు గొప్పగానే కాబట్టి అంకెలు పెంచి ఉండవచ్చు. కానీ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన మాట నిజం. అలా వెళ్లినవారిలో కొందరిని కాస్పియన్ తీరంలోని మాజందరాన్‌లో పట్టు పరిశ్రమ కోసం నిలిపారు. ఇంకొందరిని ఇస్ఫహాన్‌కు పడమటనున్న ఫెరేదన్ కొండల్లో దింపారు. ఖాళీ అయిన కాఖేతిలో తుర్కుమాన్ తెగలను దించాలన్నది షా పథకం. ఒక రాజును దించి మరొకరిని ఎక్కించడం ఆ కాలానికి మామూలే. ఒక దేశాన్ని ఖాళీ చేసి మరో జనంతో నింపడం వేరు. మరాబ్దాలో జార్జియన్లు పోరాడింది దేనికోసమో ఈ తేడాలోనే ఉంది.

నమ్మిన నౌకరు

ఈ కథలో అందరికంటే చిక్కైన పాత్ర గియోర్గి సాకాద్జే. పెద్ద వంశస్తుడు కాదు. కార్త్లి రాజు లువార్సాబ్ దగ్గర బుద్ధిబలంతో, కత్తిబలంతో పైకొచ్చి త్బిలిసికి మొఉరావి, అంటే రాజప్రతినిధి అయ్యాడు. రాజు అతని చెల్లెల్ని పెళ్లాడటంతో పాత సామంతుల కడుపు మండింది. చంపడానికి పన్నాగం పన్నారు. 1612లో ప్రాణం దక్కించుకుని షా అబ్బాస్ పంచన చేరాడు. ఇస్లాం స్వీకరించాడు. సొంత దేశం మీదకు ఇరాన్ సేన దండెత్తినప్పుడు ఆ సేనలోనే ఉన్నాడు. షాకు లొంగిపోయిన లువార్సాబ్ 1622లో చెరలోనే ఉరికి బలయ్యాడు.

1625 ప్రారంభంలో షా తన సేనాపతి కరచఖాయ్ ఖాన్‌ను తూర్పు జార్జియాకు పంపాడు. కాఖేతి యోధులను ఒకచోటికి పిలిపించి తుదముట్టించడం, మిగిలినవారిని తరలించడం అతనికి అప్పగించిన పని. దారి చూపడానికి సాకాద్జేను వెంట పంపాడు. కొడుకు పాఆతాను మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. నమ్మకం ఎంత ఉన్నా షా హామీ లేకుండా అప్పివ్వడు.

దారిలో షా పంపిన రహస్య లేఖ సాకాద్జే చేతికి చిక్కిందనీ, పని ముగిశాక తనను కూడా చంపమన్న ఆజ్ఞ అందులో ఉందనీ జార్జియన్ కథనం. లేఖ మాట ఎలా ఉన్నా, ముందు నుయ్యి వెనుక గొయ్యిగా ఉన్న ఆ మనిషి ఒక నిర్ణయానికి వచ్చాడు. కార్త్లి, కాఖేతి సామంతులతో లోపాయికారీగా మాట్లాడాడు. మార్చి 25న, త్బిలిసికి తూర్పున మార్త్కోపి దగ్గర విడిది చేసిన ఇరాన్ సేన మీద జార్జియన్లు ఒక్కసారిగా పడ్డారు. కరచఖాయ్ ఖాన్ హతమయ్యాడు. సేన చెల్లాచెదురైంది. కోట తప్ప త్బిలిసి అంతా జార్జియన్ల వశమైంది. సాకాద్జే కబురు పంపి తెయిమురాజ్‌ను పిలిపించి కార్త్లి, కాఖేతి రెండింటికీ రాజుగా నిలబెట్టాడు.

ఇస్ఫహాన్‌కు కబురందింది. పాఆతా తల తెగింది. దాన్ని తండ్రికి పంపించారు.

మార్త్కోపి గెలుపు ఒక దాడి ఫలితం మాత్రమే. అసలు సైన్యం ఇంకా వెనకే ఉంది. షా తన అల్లుడు ఇసా ఖాన్‌ను కొత్త సేనతో పంపాడు. అతని పక్కన ఉన్న ముఖ్యుల్లో ఒకడు కైఖోస్రో మీర్జా, కార్త్లి రాజవంశంలోనే పుట్టి ఇరాన్‌లో పెరిగిన బగ్రతియోని. ఇదే మరాబ్దాను ‘మనవాళ్లు, వాళ్లు’ అని రెండుగా విడగొట్టి చెప్పేవాళ్లకు కొరుకుడుపడని సంగతి. హల్దీఘాట్‌లో అక్బర్ సేనను నడిపింది రాజపుత్రుడైన మాన్‌సింగ్. రాణా ప్రతాప్ వైపు ముందు నిలిచిన వాళ్లలో హకీం ఖాన్ సూర్ ఒకడు. మరాబ్దాలోనూ అంతే. షా సేనలో జార్జియన్ రక్తం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. కొందరు బందీలుగా వెళ్లినవాళ్లు, మరికొందరు బతకడానికి వెళ్లినవాళ్లు, ఇంకొందరు పదవి కోసం వెళ్లినవాళ్లు.

ఒక పగటి యుద్ధం

జూన్ నెలాఖరుకు ఇరాన్ సేన అల్గేతి లోయలోకి వచ్చి మరాబ్దా దగ్గర మకాం వేసింది. జార్జియన్లు ఉత్తరాన కోజోరి, తబఖ్మేలా ఎత్తుల మీద ఉన్నారు. జార్జియన్ల బలం ఇరవై వేలని సాధారణంగా చెబుతారు. ఎదుటి సేన అంతకు రెట్టింపు కంటే ఎక్కువేనన్నది జార్జియన్ రచయితల మాట. లెక్కలు అటూ ఇటూ అయినా, ఎవరి బలం దేనిలో ఉందో స్పష్టం. జార్జియన్లది గుర్రపు దళం. కొండ మీద నుంచి దూకి కత్తులతో చీల్చుకుంటూ పోవడం వాళ్ల విద్య. షా సైన్యానికి కొత్త సంస్కరణల పుణ్యమా అని తుపాకులున్నాయి, ఫిరంగులున్నాయి. మకాం చుట్టూ కందకం తవ్వుకుని తుపాకీ దళాలను వరసల్లో నిలుపుకున్నారు.

సాకాద్జే సలహా సూటిగా ఉంది. కిందికి దిగవద్దు. కొండల్లోనే ఉందాం. దారులు మన చేతిలో ఉన్నాయి. వాళ్లు పైకి వస్తే ఇరుకు దారుల్లో తుపాకులు పనిచేయవు, రాకపోతే తిండి లేక మాడతారు. వాళ్లకు సాయంగా వస్తున్న సేన చేరేలోగా ఏం చేయాలో చూసుకుందాం. షా సైన్యంలో పన్నెండేళ్లు పనిచేసినవాడి మాట అది. శత్రువు బలమేమిటో ఆ శిబిరంలో అతనికి తెలిసినంత మరెవరికీ తెలియదు.

సామంతులు వినలేదు. మైదానంలో వాళ్ల పొలాలున్నాయి, ఊళ్లున్నాయి. కొండల్లో కూర్చుంటే ఇరాన్ సేన వాటిని తగలబెడుతుంది. వెంటనే దాడి చేయాల్సిందే, లేకుంటే మా దారి మాదే అన్నారు. అందులో పిరికితనం లేదు. అలాగని స్వార్థం లేదనీ అనలేం. ఎవరి పంట వాళ్లకు ముద్దు. దానికి తోడు నిన్నమొన్నటిదాకా షా కొలువులో ఉన్నవాడి మాట ఎంతవరకు నమ్మాలన్న అనుమానం ఉండనే ఉంది. రాజు తెయిమురాజ్ సామంతుల వైపు మొగ్గాడు. యుద్ధం గురించి రాసినవాళ్లలో చాలామంది ఓటమి గింజ ఇక్కడే పడిందంటారు. అందులో అతిశయోక్తి కనిపించదు.

తెల్లవారాక బిషప్పుల చేతి ప్రసాదం తీసుకుని జార్జియన్లు కిందికి దిగారు. తుపాకుల తొలి వరస పేలింది. చాలామంది గుర్రాల మీదే కూలారు. అయినా దాడి ఆగలేదు. తుపాకీ మళ్లీ నింపే లోపల గుర్రాలు కందకం దాటాయి. ముఖాముఖి కత్తి యుద్ధంలో ఇరాన్ సేన వెనక్కి తగ్గింది. శిబిరంలో కొంత భాగం పారిపోవడం మొదలుపెట్టింది. ఇరవాన్ గవర్నర్ అమీర్ గునా ఖాన్ గాయపడ్డాడు. ఆ మధ్యాహ్నం గెలుపు జార్జియన్ల చేతికి అందినట్టే కనిపించింది.

సరిగ్గా అప్పుడే ఇరాన్‌లోని అజర్‌బైజాన్ ప్రాంత గవర్నర్ షాబందే ఖాన్ కొత్త సేనతో వచ్చాడు. అలసిన గుర్రాల మీద అలసిన మనుషులు, వాళ్లకెదురుగా పోరులోకి ఇంకా దిగని బలం. అంతలో రణరంగంలో ఒక కేక లేచింది, తెయిమురాజ్ పడిపోయాడని. నిజానికి చనిపోయింది ముఖ్రాని సంస్థానాధీశుడు తెయిమురాజ్. పేరు ఒకటే కావడంతో రాజే పోయాడనుకున్నారు. ఆ కాలపు యుద్ధాల్లో రాజు పడ్డాడన్న మాటకు మించిన ఫిరంగి లేదు. జార్జియన్ వరసలు చెదిరిపోయాయి. తొమ్మిదిమంది అన్నదమ్ముల కథ ఈ ఘట్టానికి చెందినదే. అందరూ వెనక్కి పరిగెడుతున్నప్పుడు జెండా ఒకచోట నిలబడి ఉండటం ఎంత అవసరమో ఊహించుకోవచ్చు.

జార్జియన్లు తొమ్మిది, పది వేలమందిని, ఇరాన్ సేన పద్నాలుగు వేలమందిని పోగొట్టుకున్నారని వాడుకలో ఉన్న లెక్క. గెలిచినవాడికే నష్టం ఎక్కువన్న మాట ఓడిన పక్షపు రాతల్లో తరచుగా కనిపించేదే కాబట్టి దాన్ని కొంచెం తగ్గించి చదువుకోవచ్చు. తర్వాత జరిగినవి చూస్తే పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. సాకాద్జే మిగిలినవాళ్లను కూడగట్టి కొండల్లోకి వెళ్లాడు. మొదట చెప్పిన యుద్ధాన్నే ఇప్పుడు చేశాడు. క్సాని నది లోయలో మాటు వేసి ఇరాన్ సేనకు ఘోరమైన దెబ్బ కొట్టాడు. ఆ ఏడాదే ఒట్టోమాన్ సేన బాగ్దాద్‌ను ముట్టడించింది. షా రెండు చోట్ల చేతులు కాల్చుకోదలచుకోలేదు. కాఖేతిని ఖాళీ చేసి తుర్కుమాన్లతో నింపే పథకం అటకెక్కింది. తెయిమురాజ్‌ను రాజుగా ఒప్పుకోక తప్పలేదు.

జార్జియన్లు మరాబ్దాను దాచుకున్న కారణం ఇదే. యుద్ధం ఓడినా, ఏది జరగకుండా ఆపాలనుకున్నారో అది ఆగింది. కాఖేతిలో ఇవాళ జార్జియన్ మాట్లాడే ఊళ్లున్నాయి. అందుకు ఒక్క మరాబ్దాయే కారణమనలేం. మార్త్కోపి, క్సాని, బాగ్దాద్, 1629లో షా అబ్బాస్ మరణం అన్నీ కలిశాయి. 1659లో కాఖేతి మళ్లీ తిరగబడాల్సి కూడా వచ్చింది. కానీ జనం జ్ఞాపకం ఇన్ని పేర్లు మోయదు. ఒక లోయ, ఒక జెండా, తొమ్మిదిమంది అన్నదమ్ములు మోయడానికి సులువు.

జెండా కథలో లేనిది

స్మారక ప్రార్థనల్లో వినిపించని అధ్యాయం మరొకటుంది. మరాబ్దా జరిగిన మరుసటి ఏడాదే, 1626లో, బాజలేతి సరస్సు దగ్గర తెయిమురాజ్, సాకాద్జే ఒకరి మీద ఒకరు కత్తులు దూశారు. కార్త్లి గద్దె మీద ఎవరు ఉండాలన్నది తగాదా. షా అబ్బాస్ సేన చేయలేని పనిని జార్జియన్లే చేసుకున్నారు. ఓడిన సాకాద్జే ఈసారి ఒట్టోమాన్ల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల తరఫున పోరాడి పేరు తెచ్చుకున్నాడు. 1629లో అలెప్పోలో వజీరు ఖోస్రెవ్ పాషా అతని తల తీయించాడు. ఇద్దరు చక్రవర్తులకు, ఇద్దరు రాజులకు కొలువు చేసి ఎవరి దగ్గరా కుదురుగా నిలవని మనిషికి అంతకంటే మంచి ముగింపు ఆ కాలం ఇచ్చేది కాదేమో.

తెయిమురాజ్ బతుకూ తెల్లారలేదు. గద్దె దిగుతూ, ఎక్కుతూ, మాస్కోదాకా వెళ్లి సాయం అడిగి, చివరికి 1663లో ఇరాన్‌లోని అస్త్రాబాద్ చెరలో చనిపోయాడు. కార్త్లిని ఆ మధ్యకాలంలో 1633 నుంచి 1658 దాకా రోస్తోమ్ అనే పేరుతో ఏలినవాడు ఎవరో కాదు, మరాబ్దాలో ఇరాన్ వైపు నిలిచిన కైఖోస్రో మీర్జాయే. విచిత్రమేమిటంటే అతని పాలనలో కార్త్లి కాస్త ఊపిరి పీల్చుకుంది. ముస్లిం అయిన రాజు చర్చిలను బాగు చేయించాడు, వర్తకం పుంజుకుంది. వీరుల జాబితాలో మాత్రం అతనికి చోటు లేదు.

సాకాద్జేకు ఆ చోటు రావడానికి కూడా చాలాకాలం పట్టింది. ద్రోహి అని తిట్టినవాళ్లున్నారు. ఆ వంశంలోనే పుట్టిన బిషప్ ఇయోసెబ్ త్బిలేలి పదిహేడో శతాబ్దం చివర్లో అతన్ని సమర్థిస్తూ ఒక కావ్యమే రాశాడు. స్టాలిన్ జమానాలో అతని దశ పూర్తిగా తిరిగింది. దర్జాల సామంతుల మధ్య నుంచి లేచి దేశాన్ని ఏకం చేయబూనిన మొనగాడిగా అతను అప్పటి అవసరానికి సరిగ్గా సరిపోయాడు. అన్నా ఆంతోనోవ్‌స్కాయా అతని మీద రాసిన నవలకు 1942లో స్టాలిన్ బహుమతి వచ్చింది. హిట్లర్ సేనలు కాకసస్ వాకిట్లోకి వస్తున్న రోజుల్లో మిఖైల్ చియావురేలి అతని మీద రెండు భాగాల సినిమా తీశాడు. సామంతుల తొందరపాటు వల్లే మరాబ్దా ఓడిపోయిందన్న వాదన సోవియట్ సిద్ధాంతానికి బాగా కుదిరింది. వాదన కుదిరినంత మాత్రాన అబద్ధమైపోదు. అయితే ఎవరు ఏది ఎందుకు గుర్తుచేస్తున్నారో గమనించడం మంచిది.

గోవా కిటికీలో రాణి

మరాబ్దాకు తొమ్మిది నెలల ముందు, 1624 సెప్టెంబర్‌లో, షిరాజ్‌లో రాణి కేతేవాన్‌ను చంపేశారు. పదేళ్ల చెర తర్వాత మతం మారితే విడిచిపెడతామన్న షా మాటను ఆమె తిరస్కరించింది. కాల్చిన ఇనుముతో చిత్రహింస పెట్టి ప్రాణం తీశారు. ఆమె మనవలిద్దరినీ అప్పటికే నపుంసకులను చేశారు. మరాబ్దా మైదానంలోకి దిగిన తెయిమురాజ్, తల్లినీ కొడుకులనూ పోగొట్టుకున్న మనిషి. ఆ ఏడాదే ఆయన తల్లి మరణం మీద జార్జియన్ భాషలో ఒక కావ్యం రాశాడు. షాతో జీవితమంతా పోరాడినవాడు లైలా మజ్నూనూ, యూసుఫ్ జులేఖానూ పారశీకం నుంచి తన భాషలోకి తెచ్చిన కవి కూడా కావడం ఆ కాలపు వింత.

షిరాజ్‌లో అప్పటికి పోర్చుగీసు అగస్టీనియన్ సన్యాసులున్నారు. వాళ్లు రాణి అవశేషాలను రహస్యంగా సేకరించారు. కొంత భాగాన్ని జార్జియాకు చేర్చి కొడుక్కి అప్పగించారు. మరికొంత 1627లో గోవా చేరింది. పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ మఠంలో, చాప్టర్ చాపెల్ రెండో కిటికీలో రాతి పెట్టెలో ఉంచినట్టు పోర్చుగీసు పత్రాల్లో ఉంది. ఆ రోజుల్లో జార్జియాకూ గోవాకూ మధ్య దారి ఇప్పుడనుకునేంత దూరం కాదు. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే ఇరాన్ నుంచి గోవాకు, అక్కడి నుంచి కన్నడ దేశానికి తిరిగినప్పుడు ఆయన వెంట తినాతిన్ అనే అనాథ జార్జియన్ అమ్మాయి ఉంది. తర్వాత రోమ్‌లో ఆమెనే పెళ్లాడాడు.

1835లో పోర్చుగీసు ప్రభుత్వం మఠాలను మూసేసింది. 1842లో అగస్టీన్ చర్చి కప్పు కూలింది. పెట్టె శిథిలాల కింద పడింది. సోవియట్ కాలం చివర నుంచి జార్జియా బృందాలు వచ్చి వెతుకుతూ వచ్చాయి. భారత పురావస్తు సర్వే జరిపిన తవ్వకాల్లో ఈ శతాబ్దం మొదట్లో చాపెల్ దగ్గర ఒక చేతి ఎముక దొరికింది. అది రాణిదేనా అన్న ప్రశ్న హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి, మన హబ్సిగూడ సీసీఎంబీకి వచ్చింది. తంగరాజ్ బృందం ఎముకలోని మైటోకాండ్రియా డీఎన్ఏను విశ్లేషించింది. అది తల్లి నుంచే సంక్రమిస్తుంది కాబట్టి వంశమూలం చెప్పడానికి పనికొస్తుంది. బయటపడింది యూ1బీ అనే రకం. భారతీయుల్లో కనిపించనిదీ, జార్జియాలో, ఆ చుట్టుపక్కల ఉన్నదీ అది. తవ్వకపు చోటు, పాత పత్రాలు, డీఎన్ఏ మూడూ ఒకే వైపు చూపుతున్నాయి కాబట్టి ఎముక కేతేవాన్‌ది అయ్యే అవకాశం ఎక్కువని 2014లో ప్రచురించిన పరిశోధన పత్రంలో రాశారు. ‘అయ్యే అవకాశం’ అన్న ఆ జాగ్రత్త శాస్త్రవేత్తలది. ప్రభుత్వాలకూ భక్తులకూ అంత జాగ్రత్త అక్కర్లేకపోయింది.

2017లో ఆ అవశేషాన్ని ప్రదర్శన కోసం జార్జియాకు పంపారు. చర్చిల ముందు జనం బారులు తీరారు. శాశ్వతంగా ఇవ్వమని జార్జియా అడుగుతూ వచ్చింది. 2021 జూలైలో విదేశాంగ మంత్రి జైశంకర్ త్బిలిసి వెళ్లి స్వయంగా అప్పగించారు. స్వతంత్ర జార్జియాకు భారత విదేశాంగ మంత్రి వెళ్లడం అదే మొదటిసారి. చమురు ఒప్పందాలు, ఆయుధ ఒప్పందాలు లేకుండా ఒక ఎముకతో మొదలైన దౌత్యం అరుదు.

ఊరు మీదుగా పోయే రైలు

ఎముక తిరిగి వచ్చింది. మనుషులు రాలేదు. ఫెరేదన్ కొండల్లో షా అబ్బాస్ దింపిన జార్జియన్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. వాళ్లు షియా ముస్లింలు, ఇరాన్ పౌరులు. ఇంట్లో మాత్రం చాలామంది జార్జియన్ మాట్లాడతారు. లాదో అగ్నియాష్‌విలి అనే జార్జియన్ రచయిత 1890లలో వెళ్లి చూసి వచ్చి పుస్తకం రాసేదాకా సొంత దేశంలో వాళ్ల గురించి తెలిసినవాళ్లు తక్కువ. 1970ల మొదట్లో కొన్ని కుటుంబాలు సోవియట్ జార్జియాకు వచ్చి స్థిరపడే ప్రయత్నం చేశాయి. వందల ఏళ్లుగా వేరే మతంలో, వేరే దేశంలో వేళ్లూనుకున్నవాళ్లకు తాతల ఊరు అంత తేలిగ్గా సొంతమవుతుందా అన్న ప్రశ్న తాతల ఊరి కంటే జటిలమైనది.

మరాబ్దా చుట్టుపక్కల కూడా జనం మారుతూ వచ్చారు. క్వెమో కార్త్లి అని పిలిచే ఈ ప్రాంతంలో జార్జియన్లతో పాటు అజర్‌బైజానీలు, ఆర్మేనియన్లు, గ్రీకులు ఉన్నారు. దగ్గర్లోని అసురేతి 1818లో జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊరు. 1941లో స్టాలిన్ ప్రభుత్వం ఆ జర్మన్లను మూటాముల్లెతో మధ్య ఆసియాకు తరలించేసింది. ఊళ్లు ఖాళీ చేయించడంలో షా అబ్బాస్ మొదటివాడూ కాదు, చివరివాడూ కాదు.

2007 నవంబర్ 21న మరాబ్దాకు మళ్లీ ముగ్గురు పాలకులు కలిసి వచ్చారు. ఈసారి సైన్యాలు లేవు. జార్జియా, అజర్‌బైజాన్, టర్కీ అధ్యక్షులు సాకష్విలి, అలియేవ్, గుల్ బాకు, త్బిలిసి, కార్స్ రైలు మార్గానికి ఇక్కడ శ్రీకారం చుట్టారు. 1980లలో సోవియట్లు వేసిన మరాబ్దా, అఖల్కలాకి లైనును బాగు చేసి టర్కీ దాకా పొడిగించడం అందులో జార్జియా వాటా. డబ్బు మాత్రం అజర్‌బైజాన్ అప్పు. తొలి విడత 22 కోట్ల డాలర్లు, ఏడాదికి ఒక శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు. ఆర్మేనియాను పక్కన పెట్టే మార్గం కాబట్టి తాము పైసా ఇవ్వబోమని అమెరికా చట్టమే చేసింది. పదేళ్లకు, 2017 అక్టోబర్ 30న, 826 కిలోమీటర్ల మార్గంలో తొలి గూడ్సు బండి బాకు వైపు నుంచి బయల్దేరింది.

కాస్పియన్ నుంచి మధ్యధరాకు సరుకు మోసే ఆ బండ్లు మరాబ్దాలోనే మలుపు తిరిగి పడమటి కొండలెక్కుతాయి. 1625లో షాబందే ఖాన్ సేన ఆలస్యంగా దిగిన లోయ అది.